చూపరికి చీకటి, చేపకు నీడ

సూరత్‌లోని పాల్ ప్రాంతంలో మునిసిపల్ కార్పొరేషన్ 2014లో ఒక అక్వేరియం తెరిచింది. మంచినీటి చేపలకు, ఉప్పునీటి చేపలకు, రెండూ కలిసే ఏటిమొగ నీటి చేపలకు వేర్వేరుగా మొత్తం 52 తొట్టెలు, సుమారు వంద జాతుల చేపలు ఉన్న చోటు అది. దానికి జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. మొక్క వెలుగుకు, వేడికి, తాకిడికి ఎలా స్పందిస్తుందో కొలవడానికి జీవితంలో ఎన్నో ఏళ్లు వెచ్చించిన శాస్త్రవేత్త ఆయన. చేపలూ వెలుగూ కలిసే చోటికి అంతకంటే తగిన పేరు దొరకదు. ఇలాంటి పెద్ద అక్వేరియంలో గాజు ముందు నిశ్చింతగా తిరిగే చేపలను చూసి ముచ్చటపడి ఇంటికో చిన్న తొట్టె తెచ్చుకున్న వాళ్లకు తరచూ ఎదురయ్యే నిరాశ ఒకటుంది. తొట్టె మీద లైటు వేయగానే చేపలన్నీ ఫిల్టరు వెనక్కో, బొమ్మ కిందికో దూరిపోతాయి. ఆర్పితే బయటికొస్తాయి. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగువారి ఇళ్లలోనైనా, వరంగల్ విజయవాడ ఇళ్లలోనైనా దీనికి వినిపించే జవాబు ఒక్కటే: చేపలు పిరికివి, మెల్లగా అలవాటు పడతాయి. ఈ జవాబు సరికాదు. లోపం చేపలో లేదు, మనం దిగుమతి చేసుకున్న తొట్టెలో ఉంది. గాజు తొట్టెను కనిపెట్టినవాళ్లు మొదటి ఇరవై ఏళ్లలోనే ఈ చిక్కును ఎదుర్కొని, వెలుగును చీకటితో జత చేసి పరిష్కరించారు. ఇళ్లకు వచ్చేసరికి వెలుగు మాత్రమే వచ్చింది, చీకటి రాలేదు.

గాజు రాకముందు మనుషులు చేపలను చూడలేదని కాదు. సూరత్‌లోనే మలిక్ గోపీ అనే సంపన్న వర్తకుడు 1510 ప్రాంతంలో తవ్వించిన గోపీ తలావ్ ఉంది. చుట్టూ మెట్లు కట్టిన ఆ చెరువును 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వాల్లె కూడా చూశాడు. శతాబ్దాలు గడిచి ఎండి పాడుబడిన ఆ చెరువును మునిసిపల్ కార్పొరేషన్ బాగుచేయించింది. ఇలాంటి చెరువులో చేపను చూసేవాడు గట్టు మీదో మెట్టు మీదో నిలబడి కిందికి చూస్తాడు. వెలుగు పైనుంచి పడుతుంది, చూపూ పైనుంచే పడుతుంది. కింద లోతుంది, మెట్ల అంచున నీడ ఉంది, నీటిలో బురద రంగుంది. చేప తనకు కావాలనుకున్నప్పుడు మేతకు పైకి వస్తుంది, వద్దనుకుంటే అడుగుకు పోతుంది. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేర ఉన్న మానసోల్లాసంలో మత్స్యవినోదమని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ మేత వేయాలి, గాలంతో ఎలా పట్టాలి అని అందులో వివరంగా చెప్పారు. ఆ వినోదంలో కూడా చేపను మేతతో మచ్చిక చేసి రప్పించుకోవడమే పద్ధతి. చైనాలో బంగారు చేపలను మొదట చెరువుల్లో, తర్వాత పింగాణీ తొట్లలో పెంచినప్పుడూ అంతే. తొట్టి గోడలోంచి వెలుగు రాదు, పైనుంచే చూడాలి. జపాన్ వాళ్లు పెంచిన రంచూ అనే బంగారు చేప రకాన్ని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందన్న లెక్కతోనే ఎంపిక చేసుకుంటూ వచ్చారు. అంటే వేల ఏళ్లపాటు మనిషి చూపు, సూర్యుడి వెలుగు, చేప వీపు ఒకే వరసలో ఉన్నాయి.

ఆ వరసను గాజు చెదరగొట్టింది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక తొట్టెలో బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్క, నత్తలు కలిపి పెట్టి, నీరు మార్చకుండానే అవి ఒకదానికొకటి తోడై బతుకుతాయని 1850లో ప్రకటించాడు. మొక్క వెలుగు తీసుకుని ప్రాణవాయువు ఇస్తుంది, చేప దాన్ని వాడుకుంటుంది, నత్త కుళ్లిన ఆకులను తింటుంది. ఈ సూత్రం మీదే 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ఫిష్ హౌస్ తెరిచారు. ప్రజలకోసం కట్టిన మొదటి అక్వేరియంగా దాన్నే చెప్పుకుంటారు. ఫిలిప్ హెన్రీ గాస్ అక్కడికి సముద్ర జీవులను సమకూర్చాడు, మరుసటి ఏడాది ది అక్వేరియం అనే పుస్తకం రాశాడు. ఆ ఫిష్ హౌస్ భవనం ఇనుప చట్రానికి అద్దాలు బిగించిన ఒక గాజు ఇల్లు. క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనాన్ని చూసి లండన్ మురిసిపోయి రెండేళ్లే అయింది, గాజంటే ఆధునికత. కానీ అన్ని వైపుల నుంచీ పడే వెలుగు చేపల తొట్టెకు మేలు చేయలేదు. నీరు వేడెక్కేది, నాచు పట్టి పచ్చబడేది. వీపు మీద మాత్రమే వెలుగు పడే లోకం నుంచి తెచ్చిన ప్రాణికి దాగే వైపంటూ లేకుండా పోయింది.

దీనికి విరుగుడు కనిపెట్టింది పండితులకంటే తొట్టెలు అమ్మి బతికేవాళ్లే. వేల్స్‌లోని మెనై బ్రిడ్జ్‌లో ఉండే ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ వెనక గోడ ఏటవాలుగా ఉండి, దాని కింద వెలుగు తగలని నీటి గది ఉండే తొట్టెను రూపొందించాడు. వెలుగు పైనుంచి మాత్రమే పడుతుంది, వెనకున్న చీకటి గదిలోని నీరు చల్లగా నాచు పట్టకుండా ఉండి ముందున్న నీటితో కలుస్తూ ఉంటుంది. సముద్రపు ఒడ్డున రాతి గుంటల్లో నీరు ఎలా ఉంటుందో చూసి చేసిన ఏర్పాటు అది. లండన్‌లో అక్వేరియం సామాన్ల దుకాణం నడిపిన విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ దాన్ని అందిపుచ్చుకున్నాడు. 1861లో పారిస్‌లోని జార్దాఁ దక్లిమతాసియోఁలో తెరిచిన అక్వేరియంలో ఈ రకం తొట్టెలే పెట్టారు. అక్కడ ఇంకో మార్పు కూడా జరిగింది. జనం నడిచే దారిలో కిటికీలు లేవు. వెలుగంతా తొట్టెల పైనుంచి నీటిలోకి దిగి, గాజులోంచి నడవాలోకి వడకట్టుకుని వస్తుంది. చూసేవాళ్లు చీకట్లో, చేపలు వెలుగునీడల్లో. 1864లో హాంబర్గ్, 1871లో లండన్ శివారు క్రిస్టల్ ప్యాలెస్, 1874లో నేపుల్స్, ఇలా ఆ తర్వాత వచ్చిన పెద్ద అక్వేరియాల్లో ఈ పద్ధతే పాతుకుపోయింది. ఇవాళ ఏ నగరంలో అక్వేరియంకు వెళ్లినా లోపలికి అడుగు పెట్టగానే కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగాల్సి రావడం 160 ఏళ్ల కిందటి ఆ నిర్ణయం ఫలితమే.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఆ చీకటి నడవా చేపల సుఖంకోసం పుట్టింది కాదు కదా, నాచు తగ్గాలని, చూసేవాళ్లకు నాటకశాల లాంటి అనుభూతి కలగాలని పెట్టింది కదా అని. నిజమే. లాయిడ్ ఆరాటమంతా శుభ్రమైన, చల్లని, కదిలే నీటి గురించే. కానీ ఎందుకు చేశారన్నది వేరు, ఏం జరిగిందన్నది వేరు. గాజుకు ఏ వైపు వెలుగెక్కువ ఉంటే ఆ వైపున్న వారికి అది అద్దంలా మెరుస్తుంది, అవతలి వైపు కనిపించదు. రాత్రి గదిలో లైటు వేసుకుని కిటికీలోంచి బయటికి చూస్తే మన ముఖమే కనిపించడం అందరికీ తెలిసిందే. చీకటి నడవాలో నిలబడ్డ జనం చేపలకు దాదాపుగా కనిపించరు. వందలమంది గాజుకు ముక్కు ఆనించి చూసినా చేపకు అదొక మసక గోడ మాత్రమే. పైనుంచి మాత్రమే వెలుగు, పక్కన నీడ, వెనక రాయి, ఎదురుగా కదలని చీకటి: ఇవన్నీ కలిసి చేపకు చెరువు గట్టు కింది లోకాన్ని తిరిగి ఇచ్చాయి. ఉద్దేశం ఏదైనా చేప బయటికి రావడానికి కావలసినవి సమకూరాయి.

మన దేశానికి ఈ పద్ధతి ఓడరేవుల మీదుగానే వచ్చింది. అంతకుముందు కోస్తా చేపలను లోకానికి పరిచయం చేసింది పుస్తకాలు. ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. స్థానిక జాలర్లు పిలిచే పేర్లను కూడా అందులో నమోదు చేయడం రస్సెల్ చేసిన గొప్ప పని. కానీ ఆ పేజీల్లో చేపంటే నీటి బయట పట్టపగలు పక్కకు తిప్పి పడుకోబెట్టిన ఆకారం. ప్రాణంతో ఈదే చేపను పక్కనుంచి చూపించిన మద్రాసు మెరీనా అక్వేరియం 1909లో వచ్చింది. మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్స్టన్ చొరవతో పుట్టిన ఆ అక్వేరియం, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కోస్తా ఆంధ్రుల రాజధాని నగరంలో ఒక వింత. 1942లో యుద్ధ భయంతో అది మూతపడింది. 1951లో బొంబాయి మెరీన్ డ్రైవ్‌లో తారాపోర్‌వాలా అక్వేరియం తెరిచారు. పశ్చిమ తీరాన ఆ వరసలో తర్వాతి తరం సంస్థగా సూరత్ అక్వేరియంను చూడాలి. ప్రభుత్వాలూ మునిసిపాలిటీలూ కట్టినవి కాబట్టి వీటికి భవనం ఉంది, పైకప్పు ఉంది, కిటికీలు మూయగల గోడలున్నాయి. ఇంటి తొట్టెకు ఇవేవీ లేవు.

ఇంటి తొట్టె దారి వేరు. 1936లో జార్జ్ మయర్స్ అనే శాస్త్రవేత్త అమెజాన్ ఎగువ నీళ్ల నుంచి వచ్చిన ఒక చిన్న చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. దాన్నే మనం నియాన్ టెట్రా అంటాం. రెండేళ్లకే, 1938లో, అమెరికాలో ట్యూబులైట్లు మార్కెట్లోకి వచ్చాయి. ఈ రెండిటి కలయిక ఇంటి అక్వేరియం రూపాన్నే మార్చేసింది. వెలుగు మొక్క బతకడానికన్న వారింగ్టన్ లెక్క వెనక్కి పోయి, రంగు మెరవడానికన్న దుకాణం లెక్క ముందుకొచ్చింది. 1960ల దశకంలో గ్రో-లక్స్ అనే గులాబీ ఛాయ ట్యూబులు వచ్చాయి. మొక్కల పెరుగుదలకు అని చెప్పినా, వాటి కింద ఎరుపు, నీలం రంగులు మామూలు కంటే మెరిసిపోయేవి కాబట్టి చేపలు అమ్మేవాళ్లు వాటిని ప్రేమించారు. ఇప్పుడు ఎల్ఈడీ పట్టీలు చవకయ్యాయి. మూత కింద అంటించిన తెల్లటి ఎల్ఈడీ, అడుగున తెల్ల కంకర, నాలుగు వైపులా గాజు, మధ్యలో ఒక ప్లాస్టిక్ బొమ్మ, పైన హాల్లో ఇంకో ట్యూబులైటు: ఇదీ నేటి సగటు తొట్టె. అంటే 1853 నాటి గాజు ఇంటినే, పారిస్ నేర్చుకున్న పాఠం లేకుండా, మనం టీవీ పక్కన మళ్లీ కట్టుకుంటున్నాం.

చేప శరీరం ఏం చెబుతుందో చూస్తే ఈ తప్పు ఎంత పెద్దదో అర్థమవుతుంది. చేపకు కనురెప్పలు లేవు. చాలా జాతులకు కంటిపాప మనలా కుంచించుకుపోదు. హఠాత్తుగా వెలుగు పడితే మన కన్ను క్షణాల్లో చేసే సర్దుబాటును చేప కన్ను వేరే దారిలో చేసుకుంటుంది. రెటీనా లోపల రంగు కణికలు, వెలుగును పసిగట్టే కణాలు మెల్లగా చోటు మారతాయి. ఆ పనికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. చీకటి గదిలో ఒక్కసారిగా స్విచ్చు నొక్కితే ఆ అరగంటంతా వెలుగు చేప కళ్లకు మిరుమిట్లు గొలుపుతూనే ఉంటుంది. కన్నొక్కటే కాదు. మిన్నో అనే చిన్న చేపలకు చూపు లేకుండా చేసినా తల మీద వెలుగు పడితే ఒంటి రంగు మారుతుందని కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1911లోనే చూపాడు. పుర్రె కిందున్న భాగమే వెలుగును గుర్తిస్తుంది. ఎరిక్ ఫాన్ హోల్స్ట్ 1935లో ఇంకొకటి తేల్చాడు: వెలుగు పక్కనుంచి వస్తే చేప తన వీపును అటు వంచుతుంది. వెలుగెటుంటే పైవైపు అదేనని దాని ఒళ్లు నమ్ముతుంది. వీపు ముదురుగా, పొట్ట లేతగా ఉండేది కూడా పైనుంచి పడే వెలుగులో ఆకారం కలిసిపోయి శత్రువుకు కనబడకుండా ఉండటానికే. తెల్ల కంకర మీద పడి కిందినుంచి పైకి చిమ్మే వెలుగు, పక్క గాజులోంచి వచ్చే హాలు వెలుగు ఆ రక్షణను తుడిచేస్తాయి. అప్పుడు చేపకు మిగిలే దారి ఒక్కటే, ఏ చాటు దొరికితే ఆ చాటుకు పోవడం. పొద్దున లైటు వేయగానే నియాన్ టెట్రాల నీలి చార వెలిసిపోయినట్టు కనిపించి కంగారుపడేవాళ్లు చాలామంది. రాత్రి చీకట్లో ఆ చార మసకబారి ఊదా వైపు పోతుంది, వెలుగొచ్చాక కొంతసేపటికి తిరిగి నీలి పచ్చగా మెరుస్తుంది. అది జబ్బు కాదు, ఇంకా రాత్రి నుంచి బయటపడని చేప.

సూరత్ చుట్టుపక్కల నీళ్లు ఈ వాదనకు ఇంకో సాక్ష్యం. తాపీ నది కలిసే ఖంభాత్ అఖాతంలో పోటుపాట్లు దేశంలోనే అతి పెద్దవి. అలల రాకపోకలు అడుగు మట్టిని నిరంతరం కలుపుతూ ఉండటంతో వెలుగు కొద్ది లోతుకే చేరుతుంది. ఆ తీరంలో దొరికే చేపల బతుకు చాలావరకు మసక నీటిలోనే సాగుతుంది. మన చెరువుల సంగతీ అంతే. బొమ్మిడాయి పగలు బురదలోనో రాళ్ల సందులోనో తల మాత్రం బయటపెట్టి ఉండి, చీకటి పడ్డాక తిండి వెతుక్కుంటుంది. జెల్లలు, ఇంగిలాయిలు కూడా మీసాలతో తడుముకుంటూ రాత్రే ఎక్కువ తిరుగుతాయి. ఇలాంటి జాతుల దూరపు చుట్టాలే దుకాణాల్లో లోచ్, ప్లెకో, క్యాట్‌ఫిష్ పేర్లతో అమ్ముడవుతున్నాయి. వాటిని మిట్టమధ్యాహ్నపు వెలుగులో ముందుకు రమ్మనడం అన్యాయం.

అలవాటు పడతాయి కదా అనేవారి మాటలో కొంత నిజముంది. కొత్త తొట్టెలో వేసిన చేప మొదటి రోజుల్లో బెదిరి, తర్వాత కుదురుకుంటుంది. కానీ ఏ పరిస్థితుల్లో కుదురుకుంటుందన్నది అసలు ప్రశ్న. పెంపకందార్లు ఎప్పటినుంచో గమనించిన విషయం ఏమిటంటే, దాగే చోట్లు ఎక్కువున్న తొట్టెలోనే చేపలు ఎక్కువసేపు బయట తిరుగుతాయి. చాటు దగ్గరలో ఉందన్న భరోసా ఉంటేనే అది నడిమధ్యకు వస్తుంది. కనిపించడంలేదని రాళ్లూ మొక్కలూ తీసేసేవాళ్లు చేపను ఇంకా మూలకు నెడుతున్నారు. జార్జ్ బార్లో అనే ప్రవర్తన శాస్త్రవేత్త 1968లో ఇంకో దారి చూపాడు. బెరుకైన చేపల మధ్య, పైపొరల్లో నిర్భయంగా ఈదే చిన్న చేపలను కొన్నిటిని వేస్తే, వాటి నిశ్చింతను చూసి మిగతావి కూడా బయటికి వస్తాయని. ఆ తర్వాత అక్వేరియం లోకంలో ఇది సాధారణ పద్ధతి అయింది. గంగా పరీవాహకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో వర్ణించిన మన జీబ్రా చేప ఆ పనికి బాగా పనికొచ్చేవాటిలో ఒకటి. గుంపుగా బతికే జాతిని ఒకటో రెండో తెచ్చి వేస్తే అవి లైటున్నా లేకపోయినా దాక్కుంటాయి. గుంపే వాటి చాటు.

మొక్కలు బతకాలంటే వెలుగు ఉండాలి కదా అన్న అభ్యంతరం వారింగ్టన్ కాలం నుంచీ ఉన్నదే. దానికి జవాబు కూడా చెరువులోనే ఉంది. చెరువు మీద వెలుగు ధారాళంగా పడినా, అంతర తామర లాంటి తేలే మొక్కలు, కలువాకులు దాన్ని ముక్కలు ముక్కలుగా తుంచి కిందికి పంపుతాయి. తొట్టె ఉపరితలంలో సగం మేర తేలే మొక్కలు పరిస్తే, పైనున్న లైటు తగ్గించకుండానే కింద నీడలు ఏర్పడతాయి. పైగా చాలా మామూలు మొక్కలకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల వెలుగు సరిపోతుంది. పడుకునేదాకా లైటు వెలుగుతూ ఉండటం మొక్కకోసం కాదు, మనకోసం. అలాగని ఎప్పుడూ చీకట్లో ఉంచడమూ పరిష్కారం కాదు. పగలూ రాత్రీ తేడా తెలియని చేపకు తిండి, విశ్రాంతి రెండూ గతి తప్పుతాయి. ప్రయోగశాలల్లో జీబ్రా చేపలను పెంచేవాళ్లు 14 గంటల వెలుగు, 10 గంటల చీకటి అనే క్రమాన్ని తూచా తప్పక పాటించేది అందుకే.

దాక్కోవడం అన్నిసార్లూ వెలుగు వల్లే అనుకోవడమూ ప్రమాదమే. నీటిలో అమ్మోనియా పెరిగినా, ఇంకో చేప తరిమి కొడుతున్నా, ఒంట్లో జబ్బున్నా చేప మూలకు చేరుతుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. లైటు ఆర్పాక, సాయంత్రం మసకలో బయటికొచ్చి మేత తింటూ రెక్కలు విప్పుకుని తిరిగితే వెలుగుదే బాధ్యత. చీకట్లో కూడా రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉన్నా, నీటి పైభాగాన గాలికి నోరు తెరుస్తున్నా ముందు నీటిని పరీక్షించాలి, లైటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వెలుగే కారణమని తేలినప్పుడు చేయాల్సినదంతా పారిస్‌లో 1861లో చేసిన పనికి ఇంటి కొలత రూపమే. తొట్టె వెనక, రెండు పక్కల ముదురు రంగు కాగితం అతికిస్తే వెలుగు పైనుంచి, చూపు ముందునుంచి మాత్రమే వస్తాయి. తెల్ల కంకర స్థానంలో ముదురు ఇసుక వేస్తే కిందినుంచి చిమ్మే వెలుగు ఆగుతుంది. మానుముక్క, రాళ్లతో చేసిన గుహ, వెనక గుబురుగా మొక్కలు ఎడ్వర్డ్స్ చీకటి గది పని చేస్తాయి. ఉదయం ముందు గది లైటు వేసి లేదా కిటికీ తెరిచి అరగంట ఆగాక తొట్టె లైటు వేయాలి, రాత్రి ముందు తొట్టె లైటు ఆర్పి తర్వాత గది లైటు ఆర్పాలి. వెలుగు తగ్గించే ఏర్పాటున్న ఎల్ఈడీ అయితే మొదట్లో అతి తక్కువలో పెట్టి వారాల మీద పెంచుకుంటూ పోవచ్చు, చేపలు మళ్లీ వెనక్కి పోయిన చోట ఆగాలి. సాయంత్రం కూర్చుని చూడాలనుకున్నప్పుడు హాల్లో ట్యూబులైటు ఆర్పేస్తే తొట్టెలో తక్కువ వెలుగు కూడా చాలినంత కనిపిస్తుంది, ఎదురుగా కూర్చున్న మనుషుల కదలికలు కూడా చేపలను బెదిరించవు. ఇంత చేసినా లోచ్‌లు, మీసాల చేపలు పగలు బయటికి రాకపోవచ్చు. వాటికి అడుగుకు మునిగే మేత బిళ్లలను అన్ని లైట్లూ ఆర్పాక వేయాలి. లేకపోతే పగటి చేపలు అంతా తినేస్తాయి, అవి గుహలోనే పస్తుంటాయి.